పోస్టర్ మీద బ్యాండ్ పేరు చూసి టికెట్ కొనేయకండి, స్టేజీ ఎక్కేది ఎవరో ముందు కనుక్కోండి

పాత బ్యాండ్ల షోలకు టికెట్లు కొనేవాళ్లందరికీ ఇది హెచ్చరిక. పోయిన నెల నేనూ మా అన్నయ్యా అలాంటి ఒక షోకి వెళ్లి మోసపోయి వచ్చాం. మోసం అన్న మాట ఊరికే వాడటం లేదు, వారం రోజులు ఆలోచించాకే రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి ఆ బ్యాండ్ పేరూ, షో పెట్టినవాళ్ల పేరూ ఇక్కడ చెప్పను. అయినా విషయం ఆ ఒక్క షోతో పోయేది కాదు. ఒకప్పటి బ్యాండ్‌లో కొన్నాళ్లు ఉన్న మనిషి ఒకరు, చుట్టూ నలుగురు కొత్తవాళ్లు, పైన పాత పేరు. ఇలా అమ్ముడుపోయే టికెట్లు చాలానే ఉన్నాయి.

ఏం జరిగిందో చెప్తాను. టికెట్ పేజీలో అన్నిటికన్నా పైన బ్యాండ్ పేరుంది, పాత రికార్డుల మీద ఉండే అవే వంపుల అక్షరాల్లో. దాని కింద అసలు బ్యాండ్ ఫొటో, అందరూ పాతికేళ్ల కుర్రాళ్లుగా ఉన్నప్పటిది. ఇంకా కింద 'ఒరిజినల్ సభ్యుడితో' అని ఒక లైను. ఆ సభ్యుడెవరో పేరు లేదు. అట్టడుగున షరతుల మధ్య 'లైనప్‌లో మార్పులు ఉండవచ్చు' అని ఉంది, అంటే వాయించే మనుషులు మారొచ్చని. ఆ బ్యాండ్‌ను నాకు పరిచయం చేసింది మా అన్నయ్యే. చిన్నప్పుడు తన దగ్గరున్న క్యాసెట్ టేపు సాగిపోయేదాకా ఇద్దరం విన్నాం. అందుకే ఆ పేరు కనపడగానే ఇంకేమీ చదవకుండా రెండు టికెట్లు కొనేశాను. తప్పు అక్కడే జరిగింది.

హాల్లోకి వెళ్లాక మొదట నాకు తేడాగా అనిపించింది డ్రమ్ సెట్. మధ్యలో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ ఉంటుంది కదా, దాని ముందు భాగం మీద చాలా బ్యాండ్లు తమ పేరో గుర్తో వేసుకుంటాయి. ఇక్కడ అది నల్లగా, ఖాళీగా ఉంది. స్టేజీ వెనక తెర మీద కూడా పేరు లేదు, రంగు రంగుల లైట్లు మాత్రమే. ఇంతలో టీషర్టులు అమ్మే బల్ల దగ్గరికి వెళ్లిన అన్నయ్య ఒక టీషర్టు పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తున్నాడు. దాని మీద బ్యాండ్ పేరు లేదు. ఒక మనిషి పేరు, పక్కన 'బ్యాండ్' అన్న మాట, అంతే. బల్ల దగ్గరున్న అమ్మాయిని అడిగితే, "అసలు పేరుతో టీషర్టులు అమ్మే హక్కు మాకు లేదండీ" అంది, దాచకుండా. ఆ పేరుతో టీషర్టు అమ్మకూడదు గానీ టికెట్ మాత్రం అమ్మొచ్చా?

షో మొదలైంది. ఐదుగురు వచ్చారు. నలుగురు మేమెప్పుడూ చూడనివాళ్లు. ఐదో ఆయనే ఆ 'ఒరిజినల్ సభ్యుడు'. బ్యాండ్‌లో రెండేళ్లు కూడా నిండకుండా, రెండో గిటారిస్టుగా ఉన్నాయన. ఆయన చేరేసరికి అందరికీ తెలిసిన పాటలన్నీ రికార్డయిపోయాయి. ఆయన వాయించింది ఒకే ఒక్క ఆల్బమ్‌లో. ఆ రాత్రి ఆ ఆల్బమ్ నుంచి ఒక్క పాట కూడా వాయించలేదు. మేం ముందు వరసలకు దగ్గరగా ఉన్నాం కాబట్టి అంతా కనపడుతూనే ఉంది. ఎడమ పక్క స్టాండ్ మీద ట్యాబ్లెట్ పెట్టుకున్నాడు. పాట మధ్యలో కార్డ్‌లు, అంటే గిటార్ మీద కలిపి పలికించే స్వరాలు, మారే చోటికి రాగానే ఆయన చూపు ట్యాబ్లెట్ మీంచి పక్క కుర్రాడి ఎడమ చేతి మీదికి వెళ్లేది. ఆ వేళ్లు ఎటు కదిలితే ఈయన వేళ్లు అటు, అర క్షణం ఆలస్యంగా. గిటార్ ఒక్కటే ముందుకొచ్చే సోలోలన్నీ ఆ కుర్రాడే వాయించాడు. నాలుగో పాట అయ్యాక ఆయన చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ చివరి పాటకే వచ్చాడు. మధ్యలో గంటకు పైగా స్టేజీ మీద అసలు బ్యాండ్‌కు సంబంధించిన మనిషే లేడు. "వీళ్లలో మనవాళ్లు ఒక్కరూ లేరురా" అన్నాడు అన్నయ్య. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఆ కుర్రాళ్లు చాలా బాగా వాయించారు. పాడినతను పాత రికార్డులో ఊపిరి తీసుకునే చోట్లు కూడా అలాగే పట్టుకున్నాడు. ట్రిబ్యూట్ షో, అంటే పాత బ్యాండ్ పాటలను వేరేవాళ్లు నివాళిగా వాయించే షో, అని పైన రాసి ఉంటే, దానికి తగ్గ ధర పెట్టి ఉంటే, చప్పట్లు కొట్టి సంతోషంగా ఇంటికి వచ్చేవాళ్లం. ట్రిబ్యూట్ బ్యాండ్ అంటే నాకు చిన్నచూపు లేదు. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పాటలు వాయించే ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో, ఆస్ట్రేలియాలో 1988లో మొదలై, ఏళ్ల తరబడి పెద్ద పెద్ద హాళ్లు నింపుతోంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ తన 50వ పుట్టినరోజు వేడుకలో వాళ్ల చేతే వాయించుకున్నాడు. వాళ్లు తామెవరో ఎప్పుడూ దాచలేదు, ఆ మాట బ్యాండ్ పేరులోనే తెలిసిపోతుంది.

డబ్బు వెనక్కి ఇమ్మని రాస్తే నిర్వాహకుల నుంచి వచ్చిన జవాబు ఇది: "ఇది ట్రిబ్యూట్ షో కాదు. అసలు బ్యాండ్ సభ్యుడు ఇందులో ఉన్నారు. కాబట్టి ప్రకటనలో అబద్ధం ఏమీ లేదు." ఈ జవాబు చదివి నేను నిజంగా ఆలోచనలో పడ్డాను. మాజీ సభ్యుడు ఒకరుంటే ట్రిబ్యూట్ అనకూడదా? ఆ తర్వాత దొరికినంత మేరకు పాత గొడవలన్నీ చదివాను. వాళ్ల జవాబు నిలవదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ డీప్ పర్పుల్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్. ఆ బ్యాండ్ మొదటి గాయకుడు రాడ్ ఎవాన్స్. 1968లో బ్యాండ్ మొదలైనప్పటి నుంచీ ఉండి, మొదటి మూడు ఆల్బమ్‌లూ పాడాడు, 'హష్' పాటలో ఆయన గొంతే. తర్వాత ఆయన స్థానంలో ఇయాన్ గిల్లాన్ వచ్చాడు, జనానికి డీప్ పర్పుల్ అంటే గుర్తొచ్చే పాటల్లో ఎక్కువ భాగం గిల్లాన్ పాడినవి. 1980లో, అసలు బ్యాండ్ విడిపోయి ఉన్న సమయంలో, ఎవాన్స్ నలుగురు కొత్తవాళ్లతో డీప్ పర్పుల్ పేరుతోనే షోలు చేశాడు. జనం కోపంతో గోల చేశారు, వ్యవహారం అమెరికాలో కోర్టుకెక్కింది. 6,72,000 డాలర్ల నష్టపరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. గమనించండి, ఎవాన్స్ నకిలీ మనిషి కాదు, నూటికి నూరు పాళ్లు అసలు సభ్యుడు. మాకు టికెట్ అమ్మినవాళ్లు చూపించిన ఆయనకన్నా ఎంతో ఎక్కువ హక్కున్నవాడు. అయినా అది డీప్ పర్పుల్ కాలేకపోయింది.

ఒక్క సభ్యుడు కూడా లేకుండా నడిపినవాళ్లూ ఉన్నారు. జాంబీస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ విడిపోయాక వాళ్ల పాట ఒకటి 1969లో అమెరికాలో పెద్ద హిట్టయితే, అక్కడ ఆ పేరుతో నకిలీ బృందాలు ఊరూరా తిరిగాయి. వాటిలో ఒకదాంట్లో వాయించిన ఇద్దరు, డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్, తర్వాత జీజీ టాప్ అనే రాక్ బ్యాండ్ సభ్యులుగా లోకానికి తెలిసినవాళ్లే. 1974లో ఫ్లీట్‌వుడ్ మాక్ అనే బ్యాండ్ మేనేజరు, పేరు తనదే అంటూ పూర్తిగా వేరే మనుషులను అమెరికా టూర్‌కు పంపాడు. అప్పట్లో ఎవరు ఎలా ఉంటారో చూసుకునే దారి జనానికి తక్కువ. ఇప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల పని, అయినా నేను చూసుకోలేదు. మీరు చూసుకోండి.

మరి ట్రిబ్యూట్ ఎప్పుడు అవుతుంది, ఎప్పుడు కాదు? నా లెక్క ఇది. ఆ పాటల రికార్డులో వినిపించే చెయ్యో గొంతో స్టేజీ మీద ఉందా? ఆయన తన పేరుతో అమ్ముతున్నాడా, పాత పేరు చాటున అమ్ముతున్నాడా? స్టీవ్ హ్యాకెట్ 1971 నుంచి 1977 దాకా జెనెసిస్ అనే బ్యాండ్‌లో గిటారిస్ట్. ఇప్పుడు ఆ పాటలే వాయిస్తాడు, కానీ టికెట్ మీద మొదట ఉండేది ఆయన పేరే, తర్వాతే 'జెనెసిస్ రీవిజిటెడ్' అన్న మాట. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 2018లో మొదలుపెట్టిన బృందం 1973కు ముందు పాటలే వాయిస్తుంది, దానికి వేరే పేరు పెట్టుకున్నాడు. జాయ్ డివిజన్ అనే బ్యాండ్ బాస్ గిటారిస్ట్ పీటర్ హుక్ కూడా అంతే, తన పేరూ 'ద లైట్' అన్న పేరూ కలిపి వాడతాడు. వీళ్లను ట్రిబ్యూట్ అనడానికి నాకు నోరు రాదు, అవి వాళ్ల పాటలే. కొనేవాడికి ఏం కొంటున్నాడో ముందే తెలుస్తుంది. మేం చూసింది మాత్రం ట్రిబ్యూట్ షోనే, ఒక అతిథితో.

మధ్యలో చిక్కు కేసులూ ఉన్నాయి. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బాస్ గిటారిస్ట్ స్టూ కుక్, డ్రమ్మర్ డగ్ క్లిఫర్డ్ 1995లో 'క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రీవిజిటెడ్' పెట్టారు. పాటలు రాసి పాడిన జాన్ ఫోగర్టీ దీని మీద కోర్టుకు వెళ్లాడు, కొన్నాళ్లు వాళ్లు వేరే పేరుతో వాయించాల్సి వచ్చింది కూడా. దీని మీద నాకూ అన్నయ్యకూ ఇంకా తేలలేదు. ఆ గొంతు లేకపోతే అది ట్రిబ్యూటే అంటాడు తను. అన్ని రికార్డుల్లోనూ కొట్టిన డ్రమ్మరే కొడుతుంటే దాన్ని ట్రిబ్యూట్ ఎలా అంటాం అని నేను.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, పేరు మీద హక్కు వేరు, మనుషులు వేరు. శాక్సన్ బ్యాండ్ నుంచి బయటికి వచ్చిన ఇద్దరు ఆ పేరును తమ పేరిట రిజిస్టర్ చేయించుకుంటే, 2003లో ఇంగ్లండ్ హైకోర్టు కుదరదంది. పేరు ఆ భాగస్వామ్యానిది, వదిలి వెళ్లినవాళ్లు ఎవరి వాటా వాళ్లు పట్టుకెళ్లలేరు అని. ఇటువైపు లీనర్డ్ స్కీనర్డ్‌లో మొదటి నుంచీ ఉన్న చివరి మనిషి గ్యారీ రోసింగ్టన్ 2023లో చనిపోయాడు, అయినా బ్యాండ్ ఆ పేరుతోనే సాగుతోంది, చట్టప్రకారం తప్పు లేదు. అమెరికాలో 2005లో పెన్సిల్వేనియాతో మొదలై చాలా రాష్ట్రాల్లో దీని మీద చట్టాలు వచ్చాయి. ప్లాటర్స్, డ్రిఫ్టర్స్, కోస్టర్స్ లాంటి పాత బృందాల పేర్లతో నకిలీలు తిరుగుతుంటే, ష న న బృందంలోని జాన్ బౌమన్ పట్టుబట్టి సాధించిన చట్టాలివి. పేరు వాళ్ల పేరిట రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ అయినా అయి ఉండాలి, లేదా రికార్డు చేసిన బృందంలోని మనిషి ఒకరైనా హక్కుతో సహా ఉండాలి, లేదంటే ట్రిబ్యూట్ అని స్పష్టంగా రాయాలి. ఉత్త మాజీ సభ్యుడైతే సరిపోదు, పేరు మీద హక్కు కూడా ఉండాలన్నది చూశారా? మాకు జవాబు రాసినవాళ్లు ఆ రెండో ముక్క ఎత్తనే లేదు.

కొనేముందు ఇవి చూడండి. అసలు బ్యాండ్ అధికారిక సైట్‌లో ఆ తేదీ, ఆ హాలు ఉన్నాయా? లేకపోతే అక్కడే ఆగిపోండి. పేరు తర్వాత వచ్చే మాటలు చదవండి, అసలు విషయం వాటిలోనే ఉంటుంది. యూబీ40 నుంచి గాయకుడు అలీ క్యాంప్‌బెల్ 2008లో బయటికి వచ్చాక ఒకే పేరుతో రెండు బ్యాండ్లు నడిచాయి, ఆయన వైపు దాన్ని పేరు తర్వాత వచ్చే 'ఫీచరింగ్' (ఇందులో ఫలానా ఆయన ఉన్నాడు) అన్న ముక్కతో గుర్తుపట్టాలి. మాజీ సభ్యుడు అంటే పేరు అడగండి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ ఆల్బమ్‌లలో వాయించాడో చూడండి. మీకిష్టమైన పాట ఆ ఏళ్లలోదేనా? గత వారం షోల్లో ప్రేక్షకులు తీసిన వీడియోలు చూస్తే అందరి మొహాలూ కనపడతాయి. ఇంకా అనుమానముంటే, ఎవరు పాడతారు, ఆయన ఎన్ని పాటలకు స్టేజీ మీద ఉంటాడు అని నిర్వాహకులకు రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికన్నా ముఖ్యం, టికెట్ కొన్న రోజే పేజీ మొత్తం పైనుంచి కిందిదాకా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం నిర్వాహకులకు ఫిర్యాదు చేసిన మూడో రోజుకే పేజీ మారిపోయింది. ఫొటో అదే, పేరు అదే, కానీ కింద సన్నటి అక్షరాల్లో 'పాటలకు నివాళి' అన్న మాట కొత్తగా చేరింది. నేను స్క్రీన్‌షాట్ తీయలేదు. షో గురించి మొదట చూసిన రోజు అన్నయ్య ఉత్సాహం ఆపుకోలేక "ఒరేయ్, చూశావా!" అని నాకు పంపిన ఫొటో ఒకటి మిగిలింది కాబట్టి సరిపోయింది. అందులో నివాళి అన్న మాట లేదు.

ఆ మాజీ సభ్యుడి మీద నాకు కోపం లేదు. ఆ రెండేళ్లు ఆయన జీవితంలోవి, తన పేరుతో ఎన్ని షోలైనా చేసుకోవచ్చు, నేనే టికెట్ కొంటాను. పాత ఫొటో పెట్టి, ఆయన పేరు కూడా దాచి అమ్మినవాళ్లతోనే నా గొడవ. రీఫండ్ ఇవ్వమని తేల్చి చెప్పారు. దాంతో కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాం, చూపించింది ఒకటి ఇచ్చింది ఒకటి అని. ఆధారాలుగా అన్నయ్య పంపిన ఫొటో, మారిన పేజీ, ఇంకా ఆ రోజు బల్ల మీద తీసిన టీషర్టు ఫొటో జత చేశాం. బ్యాంకు నుంచి మొన్న ఫోన్ చేసినామె ఆ టీషర్టు ఫొటోనే పెద్దదిగా, అక్షరాలు కనపడేలా మళ్లీ పంపమంది.