10 లీటర్ల డ్రై బ్యాగ్: థాయ్ దీవుల్లో బాగా వాడాక

క్రాబీ, ఫీఫీ వైపు వెళ్లేవాళ్లు సర్దుకోవాల్సిన వాటిలో ముందు రాసుకోవాల్సింది డ్రై బ్యాగ్, అంటే లోపలి సామాను తడవకుండా కాపాడే సంచి. క్రాబీ దగ్గరి రేలే బీచ్‌కి రోడ్డు లేదు. చుట్టూ సున్నపురాయి కొండలు, పడవ తప్ప వేరే దారి లేదు, పక్కనున్న ఆవో నాంగ్ ఊరి నుంచి పావుగంట ప్రయాణం. సాధారణంగా మోకాలి లోతు నీళ్లలో నడిచి లాంగ్‌టెయిల్ అనే పొడవాటి చెక్క మోటారు పడవ ఎక్కాలి. ముందు కూర్చున్నవాళ్లకి తుంపర మొహానికే కొడుతుంది. పైగా అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబర్ దాకా వానలు.

నేను వాడుతున్నది 500 డెనియర్ (దారం మందం కొలత) పీవీసీ టార్పాలిన్‌ది, నోరు చుట్టి బకిల్ పెట్టే రకం. ఆరేడు వందల రూపాయల సరుకు. రాళ్ల మీద, పడవ చెక్కల మీద ఎంత ఈడ్చినా గుడ్డకి చిల్లు పడలేదు. ముందుగా అరిగింది భుజం పట్టీ కుట్టు, ఆ తర్వాత బకిల్.

ఇక లీకుల సంగతి. నీళ్లు లోపలికి పోయాయని తిట్టుకునేవాళ్లలో సగానికి పైగా మడత సరిగ్గా వేయనివాళ్లేనని నా నమ్మకం. నోటి దగ్గర గట్టి పట్టీ ఉంటుంది. రెండు అంచులూ సమానంగా కలిపి, ముడత లేకుండా రెండు వైపులా లాగి, లోపలి గాలి కొంత పోనిచ్చి, ఆ పట్టీ వెడల్పునే కొలతగా బిగుతుగా చుట్టాలి. కనీసం మూడు చుట్లు, నాలుగైతే ఇంకా మంచిది. ఆ తర్వాతే కొసలు రెండూ దగ్గరికి వంచి బకిల్ నొక్కాలి. సంచి నిండా కుక్కితే ఒక్క చుట్టుకి మించి రాదు, ఆ సందులోంచే నీళ్లు దిగుతాయి. పట్టీల మధ్య నాలుగు ఇసుక రేణువులు ఇరుక్కున్నా అంతే. చుట్టేముందు వేలితో ఒకసారి తుడవడం అలవాటు చేసుకోవాలి.

అందుకే 10 లీటర్లని రాసి ఉన్నా పనికొచ్చేది ఏడెనిమిది లీటర్లే. ఇద్దరికి ఒక పూటకి అది చాలు: ఒక్కో జత బట్టలు, ఫోన్లు, పర్సు, పాస్‌పోర్టులు, పవర్ బ్యాంకు. టర్కీ టవల్ మాత్రం వద్దు, ఒక్కటే సగం సంచి తినేస్తుంది. మన పల్చటి నేత తువ్వాలు రెండు పెట్టినా చోటు మిగులుతుంది, ఎండలో చిటికెలో ఆరిపోతాయి కూడా. 20 లీటర్లది కొంటే జనం దాన్ని నింపకుండా ఊరుకోరు, మోయలేరు.

తడి ఈత బట్టలు ఫోన్‌తో కలిపి పెట్టకూడదు. మూత బిగించిన సంచి ఎండకి వేడెక్కి, ఆ తేమంతా లోపల గోడలకి చెమటలా పడుతుంది. బయటి నీరు చుక్క రాకపోయినా ఫోన్ తడుస్తుంది. తడివి వేరే కవర్లో వేసి బయట కట్టుకోవాలి. నల్ల సంచి ఇంకా త్వరగా కాగుతుంది. పసుపో నారింజో తీసుకుంటే వేడి తగ్గుతుంది, నీళ్లలో పడినా దూరానికి కనిపిస్తుంది. కాస్త గాలి ఉంచి మూస్తే తేలుతుంది కూడా.

దీన్ని పట్టుకుని ఈతకి దిగడం మాత్రం తెలివి తక్కువ పని. చుట్టే రకం సంచులు తుంపరకి, వానకి, క్షణకాలం మునగడానికి. సంచి మీద ఐపీఎక్స్6 అని ఉంటే జోరుగా కొట్టే నీటిధారని తట్టుకుంటుందని అర్థం, నీళ్లలో మునిగి ఉండగలదని కాదు. నీళ్లలో ఫొటోలు తీయాలంటే ఐపీఎక్స్8 అని రాసి ఉన్న ఫోన్ పౌచ్ వేరే కొనుక్కోవాలి.

దోమల మందు విషయంలో జాగ్రత్త. డీట్ అనే దోమల్ని తరిమే రసాయనం ఉన్న మందు పీవీసీని మెత్తబరుస్తుంది. అది రాసుకున్న చేతులతో నోటి పట్టీ పట్టుకుంటూ ఉంటే కొన్నాళ్లకి అక్కడ జిగటగా తయారవుతుంది. ముందు సంచి మూసి, తర్వాత మందు రాసుకోవాలి.

సాయంత్రం గదికి రాగానే మంచినీళ్లతో కడగాలి, బకిల్ లోపల ఉప్పు, ఇసుక లేకుండా పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. లోపలి వైపు బయటికి తిప్పి నీడలో ఆరేయాలి. ఇంట్లో దాచేటప్పుడు ఇస్త్రీ మడత వద్దు, వదులుగా చుట్టి పెట్టాలి. ఒకే చోట మడత పడితే పీవీసీ అక్కడే పగులుతుంది.

విమానంలో దీన్ని మూసి పెట్టొద్దు. పైకెళ్లేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి సంచి ఉబ్బుతుంది. నోరు తెరిచి సూట్‌కేసులో పడేస్తే చాలు. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు, విమానాల్లో ఉండే 100 వాట్ అవర్ల పరిమితి లోపే.

కొనేటప్పుడు అతుకులు చూడండి. కుట్టినవి వద్దు, వేడితో అతికించినవే తీసుకోండి. ఇంటికి తెచ్చాక ఖాళీ సంచిలో గాలి నింపి, నాలుగు చుట్లు చుట్టి, బకెట్ నీళ్లలో అదిమి పట్టండి. అతుకుల దగ్గర బుడగలు వస్తే ఆ రోజే వాపసు ఇచ్చేయండి.