మామగారి డయానాకి 4.52 గుండ్లు: నాలుగేళ్ల తర్వాత

మిల్లీమీటరులో యాభయ్యో వంతు కోసం ఇంట్లో మాటపడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నాలుగేళ్లుగా అదే జరుగుతోంది. ఎయిర్ రైఫిల్‌కి తల వెడల్పు 4.50 మిల్లీమీటర్లున్న గుండ్ల డబ్బా తెచ్చి, బాగాలేదని పక్కన పడేసి, 4.52 కోసం బెంగళూరంతా తిరుగుతుంటే మా ఆవిడ అడగనే అడిగింది: "రెండూ సీసమే కదా, తేడా ఏముంది?" చాలా ఉందని చెప్పాను. మొన్న మొన్నటిదాకా నమ్మాను కూడా.

రైఫిల్ మామగారిది. పాత జర్మన్ డయానా 35. మదనపల్లె నుంచి గోనెసంచిలో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. మధ్యకి విరిచి లోడ్ చేసే రకం. లోపల స్ప్రింగు, అది తోసే పిస్టన్, గాలి పోకుండా తోలు వాషర్. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), గుండు శక్తి 20 జౌల్స్ దాటదు, కాబట్టి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మిగతా నిబంధనలు కొనేవాళ్లందరికీ తెలిసినవే. పిట్టల మాట మాత్రం ఎత్తొద్దు. మామగారు కుర్రతనంలో ఏం చేశారో ఆయనకే ఎరుక, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉండగా నేను కొట్టేది కాగితాన్నే. రామమూర్తినగర్‌లో 30-40 అడుగుల సైటు, కింద అంతా పార్కింగే. కారు బయట పెట్టి గేటు మూసేస్తే పొడవునా 10 మీటర్లు కచ్చితంగా వస్తుంది. చివర్లో అట్టపెట్టె, దాన్నిండా కుక్కిన పాత జీన్స్ ప్యాంట్లు, వెనక మందపాటి ఇనప రేకు.

మొదట్లో చవక గుండ్లే వాడాను. బంగారం షాపులో పనిచేసే మా బావమరిది చిన్న త్రాసు తెచ్చి ఒక్కోటీ తూచాడు. ఒకే డబ్బాలో 0.44 గ్రాము నుంచి 0.53 గ్రాము దాకా ఉన్నాయి. కొన్నిటికి పావడా నొక్కుకుపోయి ఉంది. (గుండు వెనక భాగాన్ని స్కర్ట్ అంటారు. మా ఇంట్లో పావడా అనడం అలవాటైపోయింది, నవ్వుకోండి.) పది గుండ్లు కొడితే కాగితం మీద టీ గ్లాసు బోర్లించినా రెండు బయటే ఉండేవి. మామగారికి ఫోన్ చేస్తే, "ఏ గుండైనా పోతుంది అల్లుడూ, కన్ను నిలబడాల" అన్నారు. నా కన్ను నిలబడే ఉంది.

అప్పుడు కొన్నవి హెచ్ అండ్ ఎన్ కంపెనీ ఫీల్డ్ టార్గెట్ ట్రోఫీ, గుండ్రటి ముక్కువి, 0.56 గ్రాము, డబ్బాకి 500. దుకాణంలో బరువు అడిగారు, ముక్కు ఆకారం అడిగారు, తల సైజు ఎవరూ అడగలేదు. అది డబ్బా మీద చిన్న స్టిక్కరులో ఉంటుంది: 4.50, 4.51, 4.52. మొదట తెచ్చింది 4.50. నిరుడు కుట్టించుకున్న చొక్కా ఈ ఏడు వదులైనట్టు, బ్యారెల్ నోట్లో పెట్టగానే అదే జారి కూర్చుంది. బొటనవేలికి పనే లేదు. రెండోసారి పట్టుబట్టి 4.52 తెప్పించాను.

ఈ సమీక్ష రాస్తున్నదంతా ఆ బొటనవేలి కోసమే. బ్యారెల్ విరిచి, 4.52 గుండు పెట్టి నొక్కితే, మొదట చిన్నగా మొరాయిస్తుంది. ఇంకొంచెం నొక్కితే అప్పడాల పిండిలో వేలు దిగినట్టు మెత్తగా, నిండుగా దిగుతుంది. వెనక అంచు బ్యారెల్‌తో సమానంగా ఆగుతుంది. అనుమానంతో ఒకదాన్ని సన్నటి చెక్కపుల్లతో ఈ చివర నుంచి ఆ చివరకి తోసి, కింద గుడ్డ పట్టి అందుకున్నాను. తల చుట్టూ బ్యారెల్ లోపలి గాడుల గీతలు దువ్వెనతో దువ్వినట్టు వరుసగా పడ్డాయి. 4.50ని అలాగే తోస్తే ఒక పక్కన మాత్రం అంటీ అంటనట్టు రెండు మూడు గీతలు. తల గాడులని పట్టుకుంటేనే గుండు తిన్నగా నడుస్తుంది. వెనక నుంచి గాలి తోసినప్పుడు పావడా విచ్చుకుని సందు మూస్తుంది. మా బ్యారెల్ ఎన్నేళ్లు వాడిందో, ఎన్నిసార్లు ఇనప తీగతో రుద్దిందో. దానికి పెద్ద తల కావాలి, అంతే.

ఆ సాయంత్రం పది గుండ్లు పావలా బిళ్ళ కింద దాగాయి. బిళ్ళ పెట్టి ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో వేశాను. తర్వాత రెండేళ్లు ఎవరు ఏ రైఫిల్ గురించి అడిగినా "4.52 కొట్టి చూడు" అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

డబ్బా అయిపోయింది. ఎంజీ రోడ్డు వైపు అడిగితే 4.50, 4.51 ఉన్నాయన్నారు. ఆన్‌లైన్‌లో "స్టాక్ లేదు". విసుగెత్తి, దుకాణదారు చేతిలో పెట్టిన ఇంకో డబ్బా కొన్నాను. పేరు రాయను. సీసం కాదు, ఏదో మెరిసే లోహం, అరచేతిలో పోసుకుంటే పాప్‌కార్న్ అంత తేలిక. డబ్బా నిండా వేగం గురించి గొప్పలు. మొదటి గుండుకే శబ్దం మారింది. రోజూ వినే "ఠప్" పోయి ఇనప డబ్బా మీద సుత్తి పడ్డట్టు "ఖంగ్" మంది. పైనుంచి మా ఆవిడ "కుక్కరు పేలిందా?" అని అరిచింది. అక్కడే ఆపాల్సింది. ఆపలేదు. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని ఓ ముప్ఫై కొట్టాను. ఆ తర్వాత బ్యారెల్ విరుస్తుంటే సగం దాకా బరువుగా వచ్చి, హఠాత్తుగా చేతిలో తేలిపోయింది. బావిలో బొక్కెన తెగిపోతే చేతిలో తాడు ఎలా తేలిపోతుందో అలా. లోపల ఏదో గరగరమంది.

శివాజీనగర్ వైపు పాత ఎయిర్ గన్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విప్పి బల్ల మీద పరిచారు. స్ప్రింగు రెండు ముక్కలు. తోలు వాషర్ అంచు ఎలుక కొరికినట్టు చిరిగిపోయింది. అచ్చం బోరింగు పంపులో వాషరే, కాస్త చిన్నది. ఆ మెరిసే గుండు ఒకటి చేతిలోకి తీసుకుని, ఎగరేసి పట్టుకుని, కన్నడం కలిసిన తెలుగులో అన్నారు: "సార్, పిస్టన్‌కి ముందర దిండు ఉండాల. గుండు బరువుగా, పట్టుగా ఉంటే గాలి ఆగి దిండవుతుంది. ఇది ముందే పారిపోతుంది, పిస్టన్ వచ్చి గోడకి గుద్దుకుంటుంది." తప్పంతా ఆ డబ్బాదే అందామంటే, "ఈ స్ప్రింగు వయసు మీకు తెలుసా?" అని కూడా ఆయనే అడిగారు. తెలియదు. మామగారికీ తెలియదు. రేపోమాపో విరిగేదేనేమో.

కొత్త స్ప్రింగు, ఆయనే కోసి నూనెలో నానబెట్టిన కొత్త తోలు వాషర్. రైఫిల్ పడుచుదైపోయింది. ఇన్నాళ్లకి 4.52 మళ్లీ దొరికింది, వెయ్యికి పైనే పెట్టి కొన్నాను. పావలా బిళ్ళ కింద పది, అదే సంతోషం. ఊరికే, పోలిక కోసం, అటక మీది 4.50 డబ్బా దింపాను. సీసం కొద్దిగా తెల్లబడింది, గుడ్డతో తుడిచాను. పది కొట్టాను. రూపాయి బిళ్ళ కింద పది. మళ్లీ కొట్టాను, మళ్లీ అంతే. ఇదే గుండు మూడేళ్ల కింద, ఆ చవక గుండ్లలాగే, టీ గ్లాసు దాటిపోయింది.

అంటే, నా ఊహే ఇది, పాత వాషర్ గాలి వదిలేస్తుంటే పట్టుగా ఉన్న తల ఆ లోటుని కప్పింది. వాషర్ బాగుంటే వదులు తల కూడా పెద్ద నేరం చేయలేదు. నేను రెండేళ్లు గుండుకి ఇచ్చిన మార్కుల్లో సగం తోలుముక్కకి ఇవ్వాల్సిందేమో.

అయినా 4.52ని నేను వదలను. పాత బ్యారెల్, 10 మీటర్లు, సొంత పార్కింగు ఉన్నవాళ్లు ఒక డబ్బా ప్రయత్నించొచ్చు. పోటీలకి సాధన చేసేవాళ్లకి మాత్రం ఇవి వద్దు. గుండ్రటి ముక్కు కాగితాన్ని చించుతుంది, చప్పిడి ముక్కులా శుభ్రమైన రంధ్రం పడదు. పదో వలయం అర మిల్లీమీటరు చుక్కయ్యే ఆటలో చిరుగు చూసి మార్కులు వేయలేం. కొత్త రైఫిల్ ఉన్నవాళ్లకి ఇంత పెద్ద తల బిగుసుకుపోవచ్చు, నా మాట మీద కొనొద్దు. స్ప్రింగు రైఫిల్‌లో తేలిక లోహం గుండ్లు వేయొద్దన్న మాట మాత్రం ఎవరికైనా చెప్తాను.

ఇంకొకటి. మామగారు గుండ్లు నాలుగైదు పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి లోడ్ చేసేవారు, టైలరు గుండుసూదులు పట్టుకున్నట్టు. అది సీసం, విషం. మొన్న వచ్చినప్పుడూ అలాగే పెట్టుకోబోతే మా ఆవిడ చేతిలోంచి లాక్కుంది. మా పాపని డబ్బా ముట్టుకోనివ్వం, నేనూ సబ్బుతో చేతులు కడిగాకే కాఫీ తాగుతాను.

4.52 డబ్బాలో ఇంకా నూట ఇరవై దాకా ఉన్నాయి. పోయిన శనివారం దుకాణానికి వెళ్తే 4.52 లేవన్నారు. కాసేపు నిలబడి, 4.51 డబ్బా తెచ్చుకున్నాను. ఇంట్లో స్టిక్కరు ఎవరూ చూడలేదు.