చేత్తో చేసుకున్న చిన్న టేకు బీరువా: ఏళ్ల తరబడి వాడాక

2 అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, 8 అంగుళాల లోతు. ఒక తలుపు, లోపల రెండు అరలు, తలుపు కింద ఒక సొరుగు. కరెంటుతో నడిచే పనిముట్టు ఒక్కటీ తాకకుండా రంపం, చిత్రిక, ఉలితోనే చేసుకున్న గోడ బీరువా ఇది. ఉత్తరాలు, ముఖ్యమైన కాగితాలు, మందులు, కళ్లజోళ్లు అన్నీ ఇందులోనే ఉంటాయి కాబట్టి రోజూ చాలాసార్లు తలుపు తీసి వేస్తుంటాం. ఎండలు మండిన నెలలూ, ముసురు వదలని రోజులూ చాలానే చూసింది. ఇప్పటికీ నాలుగు మూలల్లో ఒక్క జాయింటూ కదల్లేదు. తలుపు వాలలేదు. సొరుగు మాత్రం గాలిలో తేమ ఎక్కువైనప్పుడు కాస్త మొరాయిస్తుంది.

ఇంతకాలం వాడాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఇలాంటి సామాను ఎన్నాళ్లు మన్నుతుందన్నది, చెక్క వెడల్పులో పెరగడానికి, తరగడానికి ఎక్కడెక్కడ చోటు వదిలామన్న దాన్ని బట్టే ఉంటుంది. పనితనం ఎంత నాజూగ్గా ఉన్నా ఆ చోటు వదలకపోతే చెక్క తనంతట తానే పగులు తెచ్చుకుని చోటు చేసుకుంటుంది.

చెట్టు కొట్టి ఎన్నేళ్లయినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. దానివల్ల పొడవులో వచ్చే తేడా లెక్కలోకి రాదు. వెడల్పులో బాగానే వస్తుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి, చెట్టు పెరిగేకొద్దీ కాండంలో ఏర్పడే వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. అందుకే ఒకే దుంగలోంచి వచ్చిన రెండు పలకలు కూడా కోసిన తీరును బట్టి వేరువేరుగా నడుచుకుంటాయి. నా తలుపు మధ్య పలక వెడల్పు 300 మి.మీ. దగ్గర ఉంటుంది. చెక్కలో తేమ 4 శాతం అటూ ఇటూ అయితే, మామూలుగా కోసిన పలక 2 మి.మీ. పైనే మారుతుంది. వలయాలు పలక మందంలో నిలువుగా నిలబడేలా కోసినదైతే ఆ మార్పు ఒక మి.మీ. దగ్గరే ఆగుతుంది. కర్ర కొనేటప్పుడు పలక కొసను చూడమని అనుభవం ఉన్న వడ్రంగులు చెప్పేది ఇందుకే. కొసలో వలయాలు నిలువు గీతల్లా కనిపిస్తే ఆ పలకను తలుపుకీ సొరుగుకీ దాచుకోవాలి.

తలుపు ఫ్రేములో 10 మి.మీ. లోతు గాడి తీసి, పలక అంచును అందులోకి 7 మి.మీ. మాత్రమే దించాను. గాడిలో జిగురు చుక్క కూడా లేదు. పైనా కిందా ఫ్రేము మధ్యలో మాత్రం ఒక్కో చిన్న చెక్క చీల ఉంది. దానివల్ల పలక ఒక పక్కకే జరిగిపోకుండా, రెండు వైపులా సమానంగా పెరిగి తరుగుతుంది. పలకకు పాలిష్ బిగించకముందే వేసేశాను. ఆ జాగ్రత్త ఎంత పనికొచ్చిందో పొడి నెలల్లో తలుపును దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. ఫ్రేము అంచు పక్కన వెంట్రుకంత సన్నని లేతరంగు గీత బయటపడుతుంది. టేకు కోసినప్పుడు పచ్చ, పసుపు కలిసిన మచ్చలతో ఉండి, వెలుతురు తగిలేకొద్దీ ఒకే బంగారు గోధుమరంగుకు వస్తుంది. గాడిలో దాగిన భాగానికి వెలుతురు అందదు కాబట్టి అది లేతగానే ఉండిపోయింది. పాలిష్ మాత్రం అంచు దాకా ఉంది. అదే బిగించాక వేసి ఉంటే ఆ చోట ఒట్టి చెక్క తేలేది. తేమ పెరిగే రోజుల్లో ఆ గీత మళ్లీ గాడిలోకి వెళ్లిపోతుంది. నాకు ఈ బీరువాలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

పెట్టె మూలలకు డవ్‌టెయిల్ జాయింట్లు వేశాను. అంటే ఒక పలక కొసన పావురం తోకలా విచ్చుకున్న పళ్లు (టెయిల్స్) కోసి, రెండో పలకలోని గాళ్లలో ఇరికించడం. టేకులాంటి గట్టి కర్రకు ఆ పళ్ల పక్కలకు 1:8 వాలు (8 పాళ్ల పొడవుకు ఒక పాలు) చాలు, మెత్తని కర్రయితే 1:6 వేస్తారు. గోడకు వేలాడదీసే పెట్టెకు టెయిల్స్ నిలువు పలకల్లోనే కోయాలి. అప్పుడు లోపలి బరువు అడుగు పలకను కిందికి లాగినా, జాయింటు నిర్మాణమే దాన్ని పట్టి ఉంచుతుంది. అడుగు పలకలో టెయిల్స్ కోస్తే భారమంతా జిగురు మీద పడుతుంది. పైకి చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పనిచేయడంలో మాత్రం చాలా తేడా. ఇక పై పలక, అడుగు పలక, రెండు పక్కలు, అరలు అన్నిటికీ పోగు (చెక్కలోని నారలు సాగే దిశ) పెట్టె చుట్టూ ఒకే దిశలో సాగేలా చూసుకున్నాను. లోతులో పెరిగినా తరిగినా అన్నీ కలిసే కదులుతాయి కనుక ఒకదాన్నొకటి లాగవు. వెనక వైపు ఒకే వెడల్పాటి పలక కాకుండా, సన్నని నిలువు పలకలు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా మెట్టు తీసి, మధ్యలో కాస్త సందు వదిలి, ఒక్కోదాన్ని దాని నడుమ మాత్రమే స్క్రూతో బిగించాను. వెనక వైపు ఎవరూ చూడరు కదా అని ఇక్కడ ప్లైవుడ్ ముక్క కొట్టేసేవాళ్లు చాలామంది. పలుచని ప్లైవుడ్‌తో నష్టమేమీ లేదు. కానీ తలుపు తీసినప్పుడల్లా కళ్లకు ఎదురుగా కనిపించేది వెనక గోడే. అందుకే ఆ శ్రమ నాకు సబబుగానే అనిపిస్తుంది.

సొరుగు విషయానికొస్తే, దాని ముందు పలక ఎత్తు 100 మి.మీ. మాత్రమే. అయినా తేమ మారినప్పుడు మిల్లీమీటరులో ముప్పాతిక వంతు పెరుగుతుంది. బాగా బిగువుగా అమర్చిన సొరుగు నెమ్మదిగా గాలిని తోసుకుంటూ లోపలికి వెళ్తుంటే చాలా బాగుంటుంది, కానీ ఆ సుఖం పొడి కాలానికే. ముసురులో లాగితే అంత తేలిగ్గా రాదు. పక్కల కింది అంచులకు తేనెమైనం రుద్దితే మళ్లీ జారుతుంది. చిత్రికతో ఒక్క పొర తీసేస్తే పీడ విరగడవుతుందని అనిపిస్తుంది కానీ, అలా తీస్తే ఎండాకాలంలో సొరుగు లొడలొడలాడుతుంది. మైనమే మేలు. సొరుగు అడుగు పలక పోగు అడ్డంగా, అంటే ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉండాలి. ముందు వైపు మాత్రమే జిగురు పెట్టి, వెనక పొడవాటి రంధ్రంలో ఒక స్క్రూ వేస్తే పలక వెనక్కి స్వేచ్ఛగా పెరుగుతుంది.

ఇక పనిముట్లు. చాలా ఉన్నా అసలు పని చేసినవి కొన్నే: పొడవుగా చీల్చే రంపం, అడ్డంగా కోసే రంపం, వెన్నుపట్టీ ఉన్న సన్నపళ్ల చిన్న రంపం, ఒక మధ్యరకం చిత్రిక, గాడి తీసే చిత్రిక, మూడు ఉలులు, కొయ్యసుత్తి, మూలమట్టం, పలక అంచుకు సమానదూరంలో గీత గీసే మార్కింగ్ గేజ్, గీతలకు పదునైన చిన్న కత్తి. చీల్చే రంపం పళ్లు చిన్న ఉలుల్లా, అడ్డంగా కోసే రంపం పళ్లు కత్తి మొనల్లా ఉంటాయి. ఒకదాని పని ఇంకొకదానితో చేయిస్తే చెయ్యి నొప్పి, కోత గరుకు. పెన్సిలు గీతకూ కత్తి గీతకూ ఉన్న తేడా ఎంత చెప్పినా తక్కువే. కత్తితో గీసిన గీతలో ఉలి మొన తనంతట తానే కూర్చుంటుంది, ఒత్తితే పక్కకు జారదు. కొలతలకు టేపు దాదాపు వాడలేదు. సన్నని కర్ర మీద ఎత్తు, అరల చోటు, సొరుగు చోటు గీతలు పెట్టుకుని అన్ని ముక్కలకూ ఆ కర్రతోనే గుర్తులు వేశాను. ఒకే కర్ర నుంచి వచ్చిన గుర్తుల్లో తేడా రావడానికి ఆస్కారం లేదు.

పదును దగ్గర మాత్రం ఎవరూ రాజీపడకూడదు. టేకులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఉంటుంది, అది అంచును తొందరగా తినేస్తుంది. ఉలికి 25 డిగ్రీల వాలు పెట్టి, కొసన 30 డిగ్రీల్లో చిన్న రెండో వాలు పెట్టుకుంటే, మొండిబారిన ప్రతిసారీ ఆ సన్నని కొసను మాత్రమే సానబడితే సరిపోతుంది. 1000 గ్రిట్ సానరాయి (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) మీద రుద్దుతూ, ఉలి వెనకవైపు బొటనవేలితో తడిమితే అంచు పొడవునా సన్నని గరుకు తగలాలి. అది తగిలేదాకా పై రాయికి వెళ్లడం వృథా. ఆ తర్వాత 6000 గ్రిట్ మీద కాసేపు, వెనకవైపు చదునుగా ఉంచి రెండు మూడు సార్లు లాగితే చాలు. పదునైన ఉలి టేకు కొసను చెక్కితే ఆ చోటు నున్నగా మెరుస్తుంది. మొండిదైతే పోగులు నలిగి తెల్లగా పొడి రాలుతుంది. ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. పదును పెట్టుకునే టైమును పని టైములో కలుపుకోని వాళ్లే ‘చేతి పనిముట్లతో కుదరదు’ అంటారని నా నమ్మకం.

జిగురుకు సరేసు, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు, వాడాను. వేడి చేసి పూయాలి, చల్లారేలోపు బిగించాలి, కాబట్టి జిగురు పెట్టేరోజు టెన్షన్ తప్పదు. కానీ వేడి, తడి తగిలితే మళ్లీ మెత్తబడి ఊడొస్తుంది. రేపు ఏ పలక మార్చాల్సి వచ్చినా జాయింటు విరగ్గొట్టనక్కర్లేదు. అదే కారణంగా బాగా తడి తగిలే గదిలో పెట్టే సామానుకు ఇది వద్దు. అక్కడ నీటికి తట్టుకునే జిగురే మంచిది. ఏ జిగురైనా, టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక చిత్రిక పట్టిన వెంటనే అతికించాలి.

లోపలా బయటా లక్క పాలిష్. లక్క పెచ్చుల్ని ఆల్కహాల్‌లో కరిగించి పలుచటి పూతలుగా వేశాను. పెట్టెల లోపల అవిసె నూనె వేయకూడదు. తలుపు మూసి ఉండటంతో ఆ వాసన ఏళ్ల తరబడి పోదు, కాగితాలకూ పడుతుంది. లక్కకు ఆ బెడద లేదు. దాని బలహీనత నీళ్లూ వేడీ. పై పలక మీద తడి గ్లాసు పెట్టిన చోట తెల్లటి వలయం పడింది. ఆల్కహాల్‌తో కాస్త తడిపిన గుడ్డను తేలిగ్గా తాకిస్తూ తుడిస్తే పోయింది. కొత్త పూత పాత పూతలో కరిగి కలిసిపోతుంది కాబట్టి గీకి మళ్లీ మొదలుపెట్టే పని ఉండదు. మరమ్మతుకు ఇంత తేలికైన పాలిష్ నాకు తెలిసి ఇంకోటి లేదు. బయటి వైపుకు అవిసె నూనె వేసుకునేవాళ్లు ఒక్కటి మర్చిపోకూడదు: నూనె గుడ్డల్ని ఉండ చుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనివ్వాలి.

మన్నికలో వెనకబడింది ఇత్తడి మడతబందుల దగ్గరే. తలుపు బరువు పై బందును బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. అందుకే కొన్నాళ్లకు పై బందు స్క్రూలు కాస్త వదులయ్యాయి. స్క్రూ తీసి, రంధ్రంలో జిగురు పూసిన టేకు పుల్ల దిగ్గొట్టి, కోసి, కొత్తగా రంధ్రం వేసి బిగించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. ఇత్తడి స్క్రూ మెత్తన, నేరుగా బిగిస్తే తల తెగిపోతుంది. అదే సైజు ఉక్కు స్క్రూను ముందు ఎక్కించి దించేసి, తర్వాత ఇత్తడి స్క్రూకు మైనం రాసి బిగించడం పద్ధతి. తలుపు పట్టి ఉంచడానికి అయస్కాంతం పెట్టలేదు. ఒకే స్క్రూ మీద తిరిగే చెక్క బిళ్ల ఉంది. అరిగిందని అనిపిస్తే స్క్రూను పావు చుట్టు తిప్పితే చాలు.

వేలాడదీసిన పద్ధతి కూడా బాగా పనిచేసింది. ఒక పట్టీని 45 డిగ్రీల ఏటవాలుగా పొడవునా చీల్చి, ఒక సగం గోడకు, ఇంకో సగం బీరువా వెనక బిగిస్తే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. బరువు పెరిగేకొద్దీ బీరువా గోడకు ఇంకా గట్టిగా ఆనుకుంటుంది. పట్టీ మందం వల్ల వెనక గాలి ఆడే సందు మిగులుతుంది, గోడ చెమ్మ చెక్కకు అంటదు. ఎత్తి దించడానికి ఒక్క మనిషి చాలు.

ఇలాంటిది చేసుకోవాలా, కొనుక్కోవాలా అని అడిగేవాళ్లకు: త్వరగా కావాలంటే చేసుకోకండి. ఇది సెలవురోజుల్లో కొద్దికొద్దిగా సాగే పని, మధ్యలో చెక్క ఆరడానికీ ఆగాలి. కోసిన పలకల్ని గదిలోనే కొన్ని వారాలు పేర్చి ఉంచి, అవి వంకర తిరగాల్సినంత తిరిగాక చివరి చిత్రిక పట్టాలి. ఓపిక ఉంటే మాత్రం తప్పకుండా చేయండి. చప్పుడు తక్కువ, గాలిలో తేలే సన్నని దుమ్ము తక్కువ. టేకు దుమ్ము కొందరికి దురదలు, తుమ్ములు తెప్పిస్తుంది కనుక అదీ చిన్న విషయం కాదు. మొదటిసారి చేసేవాళ్లు సొరుగు వదిలేసి, తలుపు, రెండు అరలతో సరిపెట్టుకోవచ్చు. మూలలకు డవ్‌టెయిల్ బదులు గాడిలో దించి కొయ్య చీలలు కొట్టినా ఈ సైజు పెట్టెకు బలం చాలుతుంది. తలుపు పలకను గాడిలో వదులుగా ఉంచడం, వెనక పలకల మధ్య సందు వదలడం, ఈ రెండిట్లో మాత్రం ఏదీ తగ్గించుకోవద్దు.