పామాయిల్ బయోడీజిల్, ఆదిలాబాద్ చలి: నాలుగేళ్ల వాడకం తర్వాత

బజ్జీల బండ్ల దగ్గర మిగిలిన నూనె తెచ్చి బయోడీజిల్ చేసుకుని, వాగు ఒడ్డున నా 5 హెచ్‌పీ ఆయిలింజనులో పోసి నడపబట్టి నాలుగేళ్లు నిండాయి. నూనెలో మిథనాల్ అనే స్పిరిట్, కాస్టిక్ సోడా కలిపి డీజిల్‌లాగా పల్చగా మార్చడమే ఆ పని. తయారీ ఎట్లాగో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆ వివరాల్లోకి పెద్దగా పోను. నేను రాయాలనుకున్నది చలి గురించి. ఈ నూనె మీద నాకున్న కోపమల్లా అదొక్కటే. ఆ దెబ్బ తిని రెండేళ్లు గడిచినా అది తగ్గలేదు.

మాది ఉట్నూరు వైపు. వాగు పక్క చెలకకు కరెంటు లైను లేదు. ఇంజను గంటకు లీటరు, కొంచెం అటూ ఇటూగా తాగుతుంది. డీజిల్ వంద రూపాయలకు చేరువయ్యాక యాసంగి తడులు పెట్టాలంటే గుండె దడ. మా ఉమ్మడి జిల్లాలోనే పవర్‌గూడ మహిళా సంఘం కానుగ చెట్లు పెంచి, డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే తగ్గే బొగ్గుపులుసు వాయువు లెక్క మీద, 147 టన్నులకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకుంది. చిన్నప్పుడు విన్న ఆ సంగతి మనసులో అట్లాగే ఉండిపోయింది. నేనూ కానుగతోనే మొదలుపెట్టాను కానీ ఆ నూనెలో ఆమ్లం ఎక్కువ. ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒకసారి, తర్వాత కాస్టిక్ సోడాతో ఒకసారి, రెండు విడతల పని. వాడేసిన పామాయిల్ అయితే ఒక్క విడతలో తేలుతుంది.

మొదటి ఏడాది నా సంబరం చూసినవాళ్లకు తెలుసు. నల్ల పొగ పోయింది, ఇంజను దెబ్బ మెత్తబడింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ డీజిల్‌కు దీనికి తేడా లేదని చెప్పుకుంటూ తిరిగాను.

చేసే పనిలో నన్ను కట్టిపడేసింది మాత్రం పసుపు. నూనె ఎంత మాడిందో, దానికి సోడా ఎంత ఎక్కువ పట్టాలో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె కలిపి, లీటరు నీళ్లలో ఒక గ్రాము సోడా కరిగించిన ద్రావణాన్ని సిరంజితో చుక్క చుక్కగా వేయాలి. రంగు తెలియడానికి ఫినాఫ్తలీన్ వేయమంటారు. అది మాకు దొరకలేదు. ఇట్లా నూనె చేసుకునే మా నలుగురి గుంపులో ఉన్న రిటైరైన ఐటీఐ సారు చిటికెడు పసుపు వేయమన్నారు. పెళ్లిలో పారాణికి పసుపు, సున్నం కలిపితే ఎర్రబడేది ఎందుకో అప్పుడు తెలిసింది. పసుపుపచ్చగా ఉన్నది ఒక్క చుక్కతో ఎర్రబారి, అర నిమిషం అట్లాగే నిలబడితే చాలు, అక్కడ ఆపేయాలి. 3 మి.లీ. పట్టిందంటే, వాడని నూనెకు లీటరుకు పట్టే మామూలు మూడున్నర గ్రాముల సోడాకు మరో మూడు, అంటే లీటరుకు ఆరున్నర గ్రాములు. 20 లీటర్లకు 130 గ్రాములు. బాగా నల్లబడ్డ నూనెలో మాత్రం ఆ ఎరుపు కంటికి సరిగ్గా ఆనదు. అట్లాంటి నూనెకు ఇప్పుడు ఫినాఫ్తలీనే తెప్పించుకుంటున్నాను.

ఇక చలి సంగతి.

రెండో ఏడాది డిసెంబరు. జొన్న పొట్ట మీదుంది, తడి తప్పితే కంకి రాదు. పొద్దున ఆరింటికి హ్యాండిల్ తిప్పితే ఇంజను నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. బయోడీజిల్ పాత ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కడిగి తెస్తుంది, అది ఫిల్టరుకు అడ్డం పడుతుంది. మొదటి ఏడాది రెండు ఫిల్టర్లు అట్లాగే పోయాయి. ఇదీ అదేననుకున్నాను. బండేసుకుని ఉట్నూరు పోయి కొత్త ఫిల్టరు తెచ్చి బిగించేసరికి పదకొండున్నర అయింది. ఒక్క తిప్పుకు ఇంజను అందుకుంది. సంతోషంగా సాయంత్రం దాకా నీళ్లు పెట్టాను.

తెల్లారి మళ్లీ అదే కథ. మూడో రోజూ అంతే. మెకానిక్కును పిలిస్తే, ఇంటి నూనె పోసి నాజిల్ (ఇంజనులోకి నూనె చిమ్మే ముక్కు) పాడు చేసుకున్నావని తిట్టి, నాజిల్ మార్చి, మధ్యాహ్నం రెండింటికి స్టార్ట్ చేసి చూపించి డబ్బులు తీసుకుపోయాడు. మరుసటి పొద్దున ఇంజను మళ్లీ మొండికేసింది. నా నూనెలోనే లోపముందేమోనని 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి చూశాను. సరిగ్గా మారని నూనె ఉంటే అడుగుకు దిగుతుంది. ఒక్క చుక్క కూడా దిగలేదు, శుభ్రంగా కలిసిపోయింది. తయారీలో తప్పు లేదన్నమాట. పన్నెండు రోజులు ఇట్లా కొట్టుకున్నాను. తిండి సయించలేదు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే నూనె కోసం బజ్జీల అక్క దగ్గరికి పోయాను. ఆమె పామాయిల్ డబ్బాను పొయ్యి పక్కన పెట్టి తిప్పుతోంది. ఎందుకక్కా అంటే, "చలికాలంల గిది గడ్డ కడ్తది తమ్మీ, కరగవెట్టందే గిన్నెల పడది" అంది. నా ఇంజను బాధ చెప్పాను. "గీ నూనెతోని చేసినవ్ గదా, నీది గడ్డ కట్టకుంట ఎట్లుంటది?" అంది.

అట్నుంచి అటే చెలకకు పోయి ఫిల్టరు గిన్నె విప్పాను. లోపల తెల్లగా, పూసకట్టిన నెయ్యిలాగా ఉంది. వేలితో తీస్తే సన్నటి పలుకులు తగిలాయి. చేతి వేడికే కరిగి నూనెయిపోయింది. ఎండ ఎక్కితే ట్యాంకులోదీ అట్లాగే కరిగేది. అందుకే ఫిల్టరు మార్చినా, నాజిల్ మార్చినా, ఆ మధ్యాహ్నం ఇంజను నడిచింది. ఫిల్టరూ నాజిలూ చేసిందేమీ లేదు, నడిపించింది ఎండ.

ఇంటికొచ్చి సీసాలో పోసి, ఐసు ముక్కల నీళ్లలో పెట్టి థర్మామీటరు ముంచాను. 14 డిగ్రీల దగ్గర మసకబారింది, ఇంకా కొంచెం దిగితే పేరింది. మా దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పదికి లోపల పడిపోయే రోజులు చాలా ఉంటాయి.

నాకు కోపం ఎందుకంటే, నేను నేర్చుకున్న పద్ధతులన్నీ అమెరికా ఔత్సాహికులవి. వాళ్ల చేతికి దొరికేది ఎక్కువగా సోయా, కనోలా నూనె. సోయా బయోడీజిల్ సున్నా డిగ్రీల దగ్గర్లో గానీ మసకబారదు. వాళ్లు చలి గురించి రాసింది చదివి, అది మంచు కురిసే దేశాల బాధ, మనకెందుకని పేజీ తిప్పేశాను. చూడాల్సింది దేశాన్ని కాదు, నూనెను. పామాయిల్‌లో పేరే కొవ్వు దాదాపు సగం. సోయాలో అది ఆరో వంతో, ఏడో వంతో. మన బండ్ల మీద కాగేదంతా పామాయిలే. మన దగ్గర చేసేవాళ్లకు మొట్టమొదట చెప్పాల్సిన మాట ఇది.

మా గుంపులో నలుగురం నాలుగు దారులు పట్టాం. ట్రాక్టరు మెకానిక్ తమ్ముడు సగానికి సగం డీజిల్ కలిపాడు. మామూలు చలికి పనిచేసింది, బాగా ముదిరిన రోజుల్లో అదీ చాల్లేదు. సారు రాత్రంతా పీపాను బయట పెట్టి, పొద్దున పైన తేరిన నూనెను మాత్రమే పైపుతో లాగి వాడతారు, అడుగున పేరినది ఎండాకాలానికి దాస్తారు. నేను సోయాకు మారాను. మా జిల్లాలో సోయా బాగా పండుతుంది, ఇళ్లలోనూ ఆ నూనె వాడతారు. ఫంక్షన్లకు వండే ఒకాయన సోయా నూనె వాడతాడు, అది చలికాలానికి విడిగా పట్టి పెడతాను. నాలుగో ఆయన డిసెంబరు, జనవరి నెలలకు డీజిలే కొంటున్నాడు. ఆయన నిర్ణయాన్నీ తప్పు పట్టను.

డీజిల్‌కు దీనికి తేడా లేదన్న నా పాత మాట మార్చి నుంచి అక్టోబరు దాకా చెల్లుతుంది. అదీ కొంచెం తగ్గించుకోవాలి. అదే పనికి డీజిల్ కన్నా కొంచెం ఎక్కువే తాగుతుంది. పాత రబ్బరు పైపు ఉబ్బి కారితే రెండుసార్లు మార్చాను. నిల్వ ఉంచితే ముక్కిపోతుంది, మూడు నెలలకు మించి ఉంచను.

మిథనాల్ విషయంలో మాత్రం బతిమాలి చెబుతున్నాను. అది విషం, కొనాలంటే కాగితాలు అడుగుతారు. పట్టపగలు దాని మంట కంటికి కనబడదు. ఆవిరి పీల్చకుండా మామూలు మాస్కులు ఆపలేవు. నేను ఆరుబయట, గాలి వీపు వెనక నుంచి వీచేటట్టు నిలబడి, కళ్లద్దాలు, చేతులకు తొడుగులు వేసుకునే చేస్తాను. పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

నాకు కుదిరిందంటే కారణాలున్నాయి. లైను లేని చెలక, తక్కువ స్పీడు పాత ఇంజను, దగ్గర్లో బజ్జీల బండ్లు, పొద్దున రెండు గంటలు ఆలస్యమైనా నడిచే వ్యవసాయం. కొత్త కామన్‌రైల్ బండి (కంప్యూటరు లెక్కతో ఎక్కువ ఒత్తిడి మీద డీజిల్ చిమ్మేది) ఉన్నవాళ్లను ఇది పోయమని చెప్పను. కరెంటు ఉన్న చెలకకైతే ఈ శ్రమే అక్కర్లేదు.

ఈ చలికాలానికి సోయా పీపా ఒకటి నిండింది, సంక్రాంతి దాకా వస్తుందనుకుంటున్నాను. సకినాలు కాల్చాక మిగిలే నూనె మా వాడలో నాలుగిళ్ల వాళ్లు నాకోసం తీసిపెడతామన్నారు. ఏ నూనెతో కాలుస్తారో ముందే అడిగి, పామాయిల్ వాళ్ల డబ్బాల మీద సుద్దతో గీత పెట్టి వచ్చాను.