వై-యాక్సిస్ హద్దులు: సెట్_వైలిమ్, సెట్_వైబౌండ్, మార్జిన్స్... ఏది మేలు?

పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్లు తరచూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "వై-యాక్సిస్ సున్నా నుంచి మొదలవ్వాలంటే ఏం రాయాలి?" అని కొందరు. "సున్నా నుంచి పెట్టాను, గ్రాఫ్ మొత్తం ఖాళీగా వస్తోంది, ఏమైంది?" అని ఇంకొందరు. మొదటి ప్రశ్నకు ఎక్కడో దొరికిన జవాబే చాలాసార్లు రెండో ప్రశ్నకు మూలం.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక ఇంట్లో నెలనెలా కాలిన కరెంటు యూనిట్లు గీస్తున్నాం. చలికాలంలో 120, మే నెలలో ఏసీ పుణ్యమా అని 320. హద్దుల గురించి ఏమీ చెప్పకుండా ప్లాట్ చేస్తే యాక్సిస్ 110 నుంచి 330 దాకా వస్తుంది. తక్కువకూ ఎక్కువకూ తేడా 200, అందులో 5 శాతం చొప్పున కింద 10, పైన 10 వదులుతుంది. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. అంతకుముందు గుండ్రని అంకె దాకా జరిపేది. ఈ లెక్కన చలికాలపు పాయింట్ అడుగు నుంచి 10 ఎత్తులో, మే నెల పాయింట్ 210 ఎత్తులో ఉంటాయి. చూసేవాళ్లకు 21 రెట్ల తేడాలా కనిపిస్తుంది, అసలు తేడా మూడు రెట్లు కూడా లేదు. అందుకే జనం సున్నా అడుగుతారు. (గీతల గ్రాఫ్ ప్రతిసారీ సున్నా నుంచే మొదలవ్వాలని నేననను. జ్వరం గ్రాఫ్‌ను సున్నా నుంచి గీస్తే ఎవరికీ జ్వరం లేనట్టే ఉంటుంది.)

సున్నా కోసం అందరూ ముందుగా పట్టుకునేది సెట్_వైలిమ్, అంటే వై-యాక్సిస్ హద్దులు పెట్టే ఫంక్షన్. బాటమ్=0 అని రాస్తే కింద సున్నా పెట్టమన్నాం, అంతే కదా అనుకుంటాం. లైబ్రరీ మాత్రం రెండు పనులు చేస్తుంది. కింద సున్నా పెడుతుంది, దాంతోపాటు వై వైపు ఆటోస్కేల్‌ను, అంటే డేటాను బట్టి హద్దులు తనే లెక్క కట్టే పనిని, ఆపేస్తుంది. పై హద్దు సంగతి మనం ఎత్తలేదు కాబట్టి ఆ క్షణానికి ఎంత ఉంటే అంతే బిగుసుకుపోతుంది. ఇంకా ఏమీ గీయని బొమ్మలో యాక్సిస్ 0 నుంచి 1 దాకా ఉంటుంది. అంటే గీత గీసే ప్లాట్ కమాండ్ కంటే పై లైన్లో ఈ ముక్క రాస్తే పై హద్దు 1 దగ్గరే ఉండిపోతుంది, మన గీతేమో 120 నుంచి 320 మధ్య ఎక్కడో ఫ్రేమ్ బయట పడుతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. ఆ ఖాళీ గ్రాఫ్ కథ ఇదే.

అదే ముక్క ప్లాట్ తర్వాత రాస్తే 0 నుంచి 330 దాకా చక్కగా వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ రెండు వారాల తర్వాత అదే స్క్రిప్ట్‌లో ఇంకెవరో పక్కింటి యూనిట్లు కూడా కలుపుతారు, అందులో ఒక నెల 410 ఉంటుంది. యాక్సిస్ కదలదు. గీత పైకి వెళ్లి 330 దగ్గర తెగి, మళ్లీ అవతల ఎక్కడో దిగుతుంది. ఆ నెల డేటానే లేదని చూసినవాళ్లు అనుకున్నా తప్పు పట్టలేం.

కాబట్టి నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది ఒక్కటే. నువ్వు హద్దు పెట్టాక వచ్చే డేటాకు యాక్సిస్ చోటిస్తుందా, ఇవ్వదా? ఎన్ని అక్షరాలు టైప్ చేయాలి, ఏది చూడ్డానికి బాగుంటుంది అన్నవి ఆ తర్వాతి మాటలు.

ఈ లెక్కన సెట్_వైబౌండ్ మంచిదనిపిస్తుంది. హద్దు మారుస్తుంది కానీ ఆటోస్కేల్ జోలికి పోదు. తీరా చూస్తే దీని ఇబ్బంది దీనిది. లోయర్=0 పెట్టిన తర్వాత పక్కింటి గీత కలిపారనుకోండి, ఆటోస్కేల్ ఇంకా పనిచేస్తూనే ఉంది కాబట్టి హద్దులన్నీ మొదటి నుంచి లెక్క కడుతుంది. యాక్సిస్ 105.5 నుంచి 424.5 అవుతుంది. మన సున్నా గల్లంతు. సెట్_వైలిమ్‌లో ఆటో=ట్రూ అని పెట్టినా ఇంతే. సెట్_వైలిమ్ మొండిది, సెట్_వైబౌండ్‌కు మతిమరుపు. ఒక్క చోట మాత్రం సెట్_వైబౌండే నయం. ర్యాంకుల గ్రాఫ్‌లో 1 పైన ఉండాలని యాక్సిస్‌ను తిరగేస్తాం కదా, అక్కడ సెట్_వైలిమ్‌కు 1, 10 అని వరసగా ఇస్తే మళ్లీ తలకిందులవుతుంది. సెట్_వైబౌండ్ ఆ తిరగేసిన దిశను అలాగే ఉంచుతుంది.

మార్జిన్స్‌ది వేరే పని. వై=0.2 అంటే తేడాలో 20 శాతం కింద, 20 శాతం పైన వదులుతుంది. మన ఉదాహరణలో 80 నుంచి 360. ఆటోస్కేల్ బతికే ఉంటుంది, కొత్త డేటా వస్తే సర్దుకుంటుంది. కానీ సున్నాకు గ్యారంటీ లేదు. ఎక్స్ వైపు మాత్రం మార్జిన్స్‌ను హాయిగా వాడొచ్చు. నెలల గ్రాఫ్‌లో ఎక్స్=0 పెడితే గీత ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నిండుగా ఉంటుంది.

మరి సున్నా పోకూడదు, పైన చోటూ కావాలంటే? నేను వాడేది వీటిలో ఏదీ కాదు. యాక్స్‌హెచ్‌లైన్‌తో సున్నా దగ్గర అడ్డంగా ఒక గీత గీస్తాను. ఆటోస్కేల్ దాన్ని కూడా డేటాగానే లెక్కిస్తుంది కాబట్టి సున్నా ఎప్పుడూ బొమ్మలో ఉంటుంది. అయితే 5 శాతం వదిలే అలవాటు వల్ల యాక్సిస్ -16 నుంచి 336 దాకా వస్తుంది, కరెంటు యూనిట్లు మైనస్‌లోకి వెళ్లినట్టు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే ఆ గీతను ఒక వేరియబుల్‌లో పట్టుకుని, దాని స్టికీ_ఎడ్జెస్‌లో వై అనే లిస్టుకు 0 అపెండ్ చేస్తాను. 'ఈ అంచు దాటి ఖాళీ వదలకు' అని చెప్పడం అన్నమాట. ఇక కింద సరిగ్గా 0, పైన ఎంత డేటా వస్తే అంత. ప్లాట్‌కు ముందు రాసినా, తర్వాత రాసినా ఒకటే. రేపు నిజంగానే మైనస్ విలువలు వస్తే యాక్సిస్ కిందికి కూడా జరుగుతుంది, జరగాలి కూడా. బార్ గ్రాఫ్‌లు మనమేమీ చెప్పకుండానే సున్నాకు అతుక్కుని ఉండేది ఈ స్టికీ_ఎడ్జెస్ వల్లే. రెండు లైన్లు ఎక్కువ రాయాలి, నిజమే. ఒకసారి ఫంక్షన్‌గా రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

అలాగని సెట్_వైలిమ్ దండగ అనను. విలువలు ఎప్పటికీ దాటలేని హద్దు ఉన్నచోట అదే సరైనది. హాజరు శాతానికి 0, 100 అని రెండు వైపులా బిగించేయండి, తర్వాత ఏం కలిపినా టెన్షన్ లేదు. ఒక్క చిన్న సంగతి, 100 దగ్గర ఉన్న చుక్క సగం తెగి కనిపిస్తుంది. ఆ ప్లాట్‌లో క్లిప్_ఆన్=ఫాల్స్ పెడితే చుక్క నిండుగా వస్తుంది.

రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఒక్కోదానికి విడిగా సెట్_వైలిమ్ రాయకండి. సబ్‌ప్లాట్స్‌లోనే షేర్‌వై=ట్రూ అనండి. రెండింటి డేటాకూ కలిపి ఒకే హద్దు లెక్క కడుతుంది, ఒకదానికి పెట్టింది రెండోదానికీ వర్తిస్తుంది.

మిగతావి క్లుప్తంగా. డేటా పదులలో మొదలై లక్షల దాకా పోతే లాగ్ స్కేల్ (1, 10, 100 అని పదేసి రెట్లుగా పెరిగేది) పెట్టుకోండి, కానీ అక్కడ సున్నాకు చోటే లేదు. బాటమ్=0 అంటే వార్నింగ్ ఇచ్చి పట్టించుకోదు. సున్నా, మైనస్‌లు కూడా ఉంటే సిమ్‌లాగ్ అనే స్కేల్. ఎక్స్, వై రెండింటికీ ఒకే కొలత పెట్టే యాక్సిస్('ఈక్వల్') మ్యాపులకు, వృత్తాలకు. డేటా పట్టేంత మేరకే హద్దులు పెట్టే యాక్సిస్('టైట్') కూడా చివర్లో ఆటోస్కేల్‌ను ఆపేసే రకమే. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తోనే గ్రాఫ్‌లు గీసే వేరే లైబ్రరీలు పాండాస్, సీబోర్న్ ఉన్నాయి. పాండాస్‌లో వైలిమ్ అని ఇచ్చినా, సీబోర్న్‌లో సెట్‌కు వైలిమ్ ఇచ్చినా లోపల నడిచేది సెట్_వైలిమే.

లైవ్‌గా కదిలే గ్రాఫ్‌లకు ఇంకో మెలిక ఉంది. పాత గీతకే సెట్_డేటాతో కొత్త విలువలు ఇస్తే, ఆటోస్కేల్ ఆన్‌లో ఉన్నా యాక్సిస్ దానంతటది జరగదు. డేటా హద్దులు మళ్లీ లెక్క కట్టే రీలిమ్, ఆ తర్వాత యాక్సిస్‌ను వాటికి సర్దే ఆటోస్కేల్_వ్యూ పిలవాలి. ఈ రెండూ పిలిచినా కదలడం లేదంటే ఆటోస్కేల్ ఆన్‌లో ఉందో లేదో చెప్పే గెట్_ఆటోస్కేల్‌వై_ఆన్ ఏం చెబుతోందో ప్రింట్ చేసి చూడండి. ఫాల్స్ అని వస్తే పైన ఎక్కడో ఎవరో సెట్_వైలిమ్ పెట్టి ఉంటారు. ఆ లైన్ తీసేయండి, తీయడం కుదరకపోతే దాని తర్వాత ఆటోస్కేల్‌ను యాక్సిస్='వై' అని పిలిస్తే మళ్లీ ఆన్ అవుతుంది.