కమాన్ కట్టలకు పాలీ బుష్‌లు: డెల్టా రోడ్లపై వాడాక నా అభిప్రాయం

పికప్ బండ్ల వెనుక కమాన్ కట్టల్లో (ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో) అరిగిపోయిన రబ్బరు బుష్‌లకు (బోల్టు చుట్టూ మెత్తగా కూర్చునే గొట్టాలకు) బదులుగా, ఇంటి దగ్గరే బిగించుకోవచ్చని చెప్పి అమ్ముతున్న పాలీయూరిథేన్ బుష్‌ల సెట్టును కొని, అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరికాయలు, అప్పుడప్పుడు చెరువుల నుంచి రొయ్యల ట్రేలు మోసే మా బండికి బిగించి, ఒక వర్షాకాలమంతా నడిపాక ఈ సమీక్ష రాస్తున్నాను. బుష్‌లు బాగున్నాయి. వాటితో ఇచ్చిన ఇనుప సామాను మాత్రం వాటికి తగినట్టు లేదు.

కోనసీమలో కట్టల బుష్‌లు త్వరగా పోవడానికి బరువు ఒక్కటే కారణం కాదు. 216వ నంబరు జాతీయ రహదారి దిగి కాలువ గట్టు పట్టామంటే, తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకమన్ను మీద వేసిన రోడ్డు అలలు తేలి ఉంటుంది; ప్రతి తూము దగ్గరా బండి ఒక పక్కకు ఒరిగి లేస్తుంది. దానికి తోడు రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పు నీరు ఛాసిస్ (బండి చట్రం) మీదుగా దిగి సరిగ్గా కట్ట చివరను చట్రానికి కలిపే షేకిల్ బోల్టుల దగ్గర నిలుస్తుంది. ఖాళీ బండి తూము దాటేటప్పుడు వెనుక నుంచి టక్కుమని చప్పుడు వస్తున్నా, గడ్డపలుగు పెట్టి ఎత్తితే పట్టీ కన్ను (బోల్టు దూరేలా గుండ్రంగా చుట్టిన పట్టీ చివర) బోల్టు చుట్టూ ఆడుతున్నా బుష్ పోయినట్టే లెక్క.

పని మొత్తంలో కష్టమంతా పాతది ఊడదీయడంలోనే ఉంది. జాకీ కింద మందపాటి చెక్క వేయాలి, లేకపోతే మన నేలలో అది బరువుకు దిగబడుతుంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, ఇరుసును రెండో జాకీతో మోపి, కట్ట మీద ఒత్తిడి పూర్తిగా తగ్గాకే బోల్టు మీద చెయ్యి వేయాలి. రబ్బరు బయటికి వచ్చినా దాని చుట్టూ ఉన్న ఇనుప స్లీవు తుప్పుతో కంటికి అతుక్కుపోయి ఉంటుంది. దానిని రంపంతో కోసేవారికి మా ఊరి లేతు మేస్త్రి చెప్పే మాట ఒకటుంది: “ఆయ్, రంపం పట్టీకి తగిలిందంటే పగులు అక్కణ్ణుంచే మొదలవుద్దండి.” కాబట్టి స్లీవు మందం దాటకుండా కోసి, ఉలితో లోపలికి మడిచి తీయడం క్షేమం. పాత స్లీవు కంటిలోనే ఉంచేసి పైన కొత్త బుష్ ఎక్కించవచ్చని సెట్టు మీది కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు, అయినా కొందరు ఆ పని చేస్తున్నారు, కొలత కలవదు.

ఎక్కించడంలో మాత్రం ఈ బుష్‌లకు సాటి లేదు. రబ్బరు బుష్‌కు ప్రెస్సు కావాలి, లేదంటే లేతు షాపుకు వెళ్లాలి. ఇవి రెండు సగాలుగా వస్తాయి, చేత్తో నొక్కితే కూర్చుంటాయి, మధ్యలో ఇనుప గొట్టం దూర్చితే పని అయిపోతుంది. రబ్బరు బుష్ తనలో తానే మెలితిరిగి పనిచేస్తుంది కాబట్టి బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే దాని బోల్టు బిగించాలి, గాలిలో బిగిస్తే కొద్ది కాలానికే చిరుగుతుంది. పాలీ బుష్ గొట్టం చుట్టూ తిరుగుతుంది కనుక ఆ బాధ తక్కువ. అయితే అది తిరగాలంటే గొట్టం పొడవు బుష్ అంచుల కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. నాకు వచ్చిన వాటిలో ఒక గొట్టం వెర్నియర్ కొలబద్దతో చూస్తే పొట్టిగా తేలింది. దానిని అలాగే బిగిస్తే బుష్ నలిగి బిగుసుకుపోతుంది కాబట్టి లేతు షాపులో మరొకటి చేయించాల్సి వచ్చింది.

సిలికాన్ గ్రీజు పొట్లం ఇచ్చారు గానీ అది రెండు కళ్లకే సరిపోయింది. కొరత పడితే చక్రాల బేరింగుల గ్రీజు పూయకుండా సిలికాన్ గ్రీజే వేరుగా కొనుక్కోవాలి.

వాడకంలో టక్కు చప్పుడు పూర్తిగా పోయింది, నిండు లోడుతో మలుపు తిరిగేటప్పుడు వెనుక భాగం ఊగడం స్పష్టంగా తగ్గింది. ఖాళీగా నడిపితే మాత్రం రోడ్డు మీది ప్రతి గులకరాయీ సీటుకు తెలుస్తుంది. నడుం నొప్పి ఉన్నవారికి రబ్బరే మేలు. ముసురు రోజుల తరువాత గ్రీజు కొట్టుకుపోయి కిర్రుమంటుంది, విప్పి మళ్లీ పూస్తే ఆగుతుంది. పాలీయూరిథేన్‌లో పాలియెస్టర్ రకం వేడికి, తేమకు క్రమంగా మెత్తబడి చెడుతుంది, పాలీఈథర్ రకం నీటిని బాగా తట్టుకుంటుంది. కొన్నది ఏ రకమో పెట్టె మీద రాసి ఉండకపోవడాన్ని నేను పెద్ద లోపంగా లెక్కిస్తాను, ఎందుకంటే ఇక్కడ బండి ఎండిన నేల మీద నిలిచే నెలలు తక్కువ.

కట్టను ఇరుసుకు బిగించే యూ-బోల్టులు సెట్టులో రావు. కట్టను ఇరుసు నుంచి విడదీసినవారు ఒకసారి సాగిన పాతవాటిని తిరిగి వాడకుండా కొత్తవి కొని, నాలుగు లోడ్లు తిరిగాక నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి. గ్రీజు ఎక్కించే నిపుల్‌తో గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు ఉన్న బండ్లవారికి ఈ సెట్టుతో పని లేదు. షాక్ అబ్జార్బర్ల చివర్లకు కూడా ఇదే కంపెనీ బుష్‌లు అమ్ముతోంది గానీ, అక్కడ కదలిక ఒకే దిక్కుకు ఉండదు కాబట్టి నేను రబ్బరువే ఉంచాను.