కాంపనెల్లా పేరు ఉంది, చెయ్యి లేదు

పాత బేస్‌బాల్ సంతకాలు అసలువో నకిలీవో పరిశీలించి చెప్పే ఒక సంస్థకు ఈ వేసవిలో నా బంతిని పంపాను. 1950ల నాటి బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాళ్ల సంతకాలు పద్నాలుగు ఉన్న బంతి అది. ఫీజు 200 డాలర్లు, రానూ పోనూ బీమాతో తపాలా ఖర్చు వేరు. ఆరు వారాలన్నారు, పదకొండు వారాలు పట్టింది. ఆలస్యాన్ని మన్నించగలను. వాళ్లు జవాబిచ్చిన తీరును మాత్రం అంత తేలిగ్గా మన్నించలేను.

డాడ్జర్స్ ఆడిన నేషనల్ లీగ్ బంతుల మీద అప్పటి లీగ్ అధ్యక్షుడి పేరు అచ్చు వేసేవారు. 1951 దాకా ఫోర్డ్ ఫ్రిక్, తర్వాత 1969 దాకా వారెన్ గైల్స్. నా బంతి మీద ఉన్నది గైల్స్ ముద్ర. 1948లోనే చనిపోయిన బేబ్ రూత్ సంతకం గైల్స్ బంతి మీద కనిపిస్తే భూతద్దం తీయనక్కరలేదు. కానీ పాత బంతి మీద నిన్న పెట్టిన సంతకం ఉండవచ్చు. అందుకే ముద్ర కుదిరిందని మురిసిపోకుండా పంపాను.

నేను కోరుకున్నది రాయ్ కాంపనెల్లా సంతకం. మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన క్యాచర్. 1958 జనవరిలో కారు ప్రమాదం ఆయన శరీరాన్ని చచ్చుబడేలా చేసింది. అంతకు ముందు ఆ చెయ్యి స్వేచ్ఛగా కదిలినప్పటి సంతకం నా దగ్గర ఉండాలని ఎన్నో ఏళ్ల కోరిక.

వచ్చిన కాగితంలో రెండే వాక్యాలు. పన్నెండు సంతకాలు అసలైనవని తమ అభిప్రాయం. కాంపనెల్లా, అదే జట్టులోని రూబ్ వాకర్ పేర్లు క్లబ్‌హౌస్‌లో, అంటే ఆటగాళ్ల గదిలో, వేరెవరో రాసినవి. ఎందుకో ఒక్క ముక్క లేదు.

ఫోను చేశాను. పరిశీలించిన వ్యక్తే మాట్లాడారు, అదీ ఇరవై నిమిషాలకు పైగా. బంతిని దీపం కింద పెట్టి భూతద్దంతో చూడమన్నారు. కాంపనెల్లా పేరులోని రెండు ఎల్‌లు, వాకర్‌లోని ఒక ఎల్. మూడింటికీ కింద ఒకటే మలుపు, ఒకటే వాలు, పైకి లేచేటప్పుడు సిరా ఒకేలా పలచబడటం. ఇన్నేళ్లూ ఈ బంతిని చూస్తూ అది గమనించలేదు నేను. నకిలీ చేసేవాడు అక్షరాన్ని బొమ్మలా గీస్తాడట. కలం ఆగినచోట సిరా చుక్క కడుతుంది, గీత వణుకుతుంది. ఇక్కడ వణుకు లేదు, చెయ్యి చకచకా సాగింది. మోసగాడి చెయ్యి కాదది. పెట్టెల కొద్దీ బంతులు ముగించడానికి ఆటగాళ్ల బదులు సంతకం చేసే క్లబ్‌హౌస్ సహాయకుడిది.

అంత చక్కటి పరిశీలన ఆ కాగితం మీద ఎందుకు లేదు? 1990లలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో నకిలీ సంతకాల ముఠాను పట్టుకుంది. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ కూడా ఉంది. ఆ ముఠా సరుకు ధ్రువపత్రాలతోనే అమ్ముడయ్యేది. కారణం చెప్పని కాగితాన్ని నేను నమ్మలేనిది అందుకే. రేపు ఈ బంతి నా కూతురి చేతికి వెళితే, కాంపనెల్లా పేరు ఎందుకు కాదన్నారో తనకు తెలియాలి కదా.

ఆ మాటే ఆయనతో అన్నాను. మరుసటి రోజు మూడు ఫోటోలతో, ఎల్‌ల చుట్టూ ఎర్ర గుర్తులు పెట్టి, ఒక పేజీ మెయిల్ పంపారు. అదనంగా ఏమీ అడగలేదు. దాన్ని అచ్చు తీసి బంతి పెట్టెలోనే ఉంచాను.

పనితనానికి పూర్తి మార్కులు, ఇచ్చిన కాగితానికి సగం కూడా ఇవ్వను. మరో గైల్స్ బంతిని వచ్చే నెల వాళ్లకే పంపుతున్నాను. కారణాలు రాసి ఇస్తామని ముందే ఒప్పించుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టాను.